ఆఫ్రికా సఫారీ: ఏ నేల మీద, ఏ బండిలో, ఏ నెలలో

క్లుప్తంగా: సఫారీ ప్యాకేజీల ధరల్లో కనిపించే భారీ తేడాకు హోటల్ గది కారణం కొంతే. ఆ అడవి ఎవరి చేతిలో ఉంది, అక్కడ బండి ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అన్నదాన్ని బట్టే అనుభవం, ఖర్చు రెండూ మారతాయి. ఆ తర్వాత చూసుకోవాల్సింది నెల. మన వేసవి సెలవుల్లో సగం తూర్పు ఆఫ్రికా వానల్లోనే పోతాయి. దసరా సెలవులు మాత్రం దాదాపు అన్ని చోట్లా కలిసొస్తాయి.

"మసాయి మారా (కెన్యా), 4 రాత్రులు" అని ఇద్దరు ఏజెంట్లను అడిగితే, ఒకరు చెప్పే ధరకు మరొకరిది మూడు రెట్లు ఉండొచ్చు. రెండు బ్రోచర్లలోనూ అవే సింహాలు, అదే సూర్యాస్తమయం, అవే "గేమ్ డ్రైవ్‌లు" (బండిలో తిరిగి జంతువులను చూడటం). ఎవరో ఒకరు మోసం చేస్తున్నారన్న అనుమానం రావడం సహజం. చాలాసార్లు ఇద్దరూ సరైన ధరే చెబుతుంటారు. వాళ్లు అమ్ముతున్నవి రెండు వేరు వేరు సరుకులు, పేరు మాత్రం ఒకటే.

గందరగోళం ఆ మాటలోనే ఉంది. స్వాహిలీలో సఫారీ అంటే ప్రయాణం. అరబ్బీ "సఫర్" నుంచి వచ్చింది. హైదరాబాద్ ఉర్దూలో సఫర్ అన్నా అదే అర్థం. మనలో చాలామందికి మాత్రం సఫారీ అంటే జూపార్కులో జాలీలు బిగించిన బస్సెక్కి సింహాన్ని చూసి దిగడం, లేదంటే అమ్రాబాద్, తాడోబా లాంటి చోట టికెట్ తీసుకుని మూడు నాలుగు గంటలు తిరిగి రావడం. ఆఫ్రికాలో అది కొన్ని రోజులపాటు అడవిలోనే ఉండటం. బస, తిండి, బండి, గైడు అన్నీ అందులో భాగమే. జూ టికెట్ లెక్కన పోల్చి కొనేవాళ్లకు ఏం కొన్నామో అక్కడికి వెళ్లాక గానీ తెలియదు.

2025 జులైలో టాంజానియాలోని సెరెంగెటి ఉత్తర భాగంలో తీసిన ఒక వీడియో చాలామంది చూసే ఉంటారు. మారా నది దాటడానికి వచ్చిన వైల్డ్‌బీస్ట్‌ల (మందలుగా తిరిగే పెద్ద జింక జాతి) దారికి అడ్డంగా పర్యాటకులు బండ్లు దిగి గుంపుగా నిలబడ్డారు. అదే వారం, అదే నది పరిసరాల్లో, ఇంకో బండి కనిపించని మైదానంలో సింహాలను చూస్తూ గడిపినవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ వెళ్లింది ఆ మందల వలస చూపించే "మైగ్రేషన్ సఫారీ"కే. ఈ తేడా ఎక్కణ్నుంచి వస్తుందో అర్థమైతే ఎంపిక సులువవుతుంది.

నేల ఎవరిదో ముందు అడగాలి

మసాయి మారా నేషనల్ రిజర్వ్ విస్తీర్ణం సుమారు 1,510 చదరపు కిలోమీటర్లు. మన అమ్రాబాద్ పులుల అభయారణ్యం (2,611) కంటే చిన్నది. కెన్యాలోని నారోక్ కౌంటీ ప్రభుత్వం దీన్ని నడుపుతుంది. టికెట్ కొన్న ఏ బండైనా లోపలికి వెళ్లొచ్చు. అందుకే నిబంధనలు కట్టుదిట్టంగా ఉంటాయి: దారి దిగి గడ్డిలోకి పోకూడదు, చీకటి పడ్డాక తిరగకూడదు, కాలినడక కుదరదు. ఇది సబబైన పద్ధతే. వచ్చే బండ్లన్నీ గడ్డి తొక్కితే మిగిలేది దుమ్మే. కాకపోతే, దారి పక్కన ఒక సింహం కనబడి డ్రైవర్ల రేడియోలో కబురు పాకితే నిమిషాల్లో పదిహేను ఇరవై బండ్లు చేరతాయి. వాటి సంఖ్యను అదుపులో పెట్టడం కష్టం.

ఈ రిజర్వ్‌ను ఆనుకునే కన్జర్వెన్సీలు ఉన్నాయి: మారా నార్త్, ఓలారే మోటోరోగి, మారా నబోయిషో మొదలైనవి. మధ్యలో కంచె లేదు. జంతువులకు ఇవతల, అవతల అన్న తేడా తెలియదు. మనుషులకు మాత్రం తేడా పెద్దది. ఇవి మసాయి (అక్కడి పశువుల కాపరుల తెగ) కుటుంబాల సొంత భూములు. ఒకప్పుడు ఉమ్మడి పశువుల బీళ్లుగా ఉండేవి. తర్వాత కుటుంబాలవారీగా పంచి పట్టాలిచ్చారు. పట్టా చేతికొచ్చాక కంచె వేసుకోవచ్చు, గోధుమ వేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అలా జరిగితే సింహాలకు, ఏనుగులకు దారి మూసుకుపోయేది. దాని బదులు వందలాది పట్టాదారులు భూములు కలిపి సఫారీ క్యాంపులకు కౌలుకిచ్చారు. మన దగ్గర పంట ఎలా ఉన్నా కౌలు డబ్బు కట్టాల్సిందే కదా, అక్కడా ఎకరాల లెక్కన కౌలు ముందే ఖాయం చేసుకుంటారు.

కౌలు కట్టే క్యాంపులు కొద్దిగానే ఉంటాయి కాబట్టి భూమిని బట్టి టెంట్ల సంఖ్యకు పరిమితి పెట్టుకోగలిగాయి. ఒక జంతువు దగ్గర సాధారణంగా ఐదు బండ్లకు మించి నిలబడకూడదు. ఆ కన్జర్వెన్సీలో బస చేసినవాళ్లకే ప్రవేశం. బండ్లు తక్కువ కాబట్టి దారి దిగి వెళ్లడం, రాత్రి లైటు వేసుకుని తిరగడం, మసాయి గైడుతో నడవడం వీలవుతుంది. ఆ మూడు రెట్ల ధరలో పెద్ద భాగం ఈ ఖాళీకి కట్టే డబ్బు. కొద్దిమంది అతిథులే అంత భూమి కౌలును పంచుకుంటున్నారన్నమాట. ఆ డబ్బు ఆగిపోతే కంచెలు లేస్తాయి. ఈ ఏర్పాటుకున్న బలమూ, బలహీనతా అదే.

దక్షిణాఫ్రికాలో ఇదే కథ ఇంకో రూపంలో కనిపిస్తుంది. క్రూగర్ నేషనల్ పార్క్ ప్రభుత్వానిది, విస్తీర్ణం 19,000 చదరపు కిలోమీటర్ల పైమాటే. సొంత కారుతో ఎవరైనా వెళ్లొచ్చు. దాని పడమటి అంచున సాబీ సాండ్ అనే ప్రైవేటు అడవి ఉంది. రెండింటి మధ్య కంచెను 1993లో తీసేశారు. క్రూగర్‌లో కారు దారి దిగితే జరిమానా పడుతుంది. సాబీ సాండ్‌లో గైడు చిరుతపులి వెనకే పొదల్లోకి బండి నడుపుతాడు. అక్కడి చిరుతలు తరాలుగా బండ్లను చూసి బెదరడం మానేశాయి. చిరుతను దగ్గరగా చూడాలన్నవాళ్లకు అందరూ ఈ పేరే చెప్పడానికి కారణమిదే.

బోట్స్వానా మరో అడుగు ముందుకేసి దీన్ని దేశ విధానంగానే పెట్టుకుంది: తక్కువమంది రావాలి, వచ్చినవాళ్ల దగ్గర ఎక్కువ రాబడి రావాలి. ఓకవాంగో డెల్టాలో పెద్ద పెద్ద ప్రాంతాలను ఒక్కో సంస్థకు లీజుకిస్తారు. చాలా క్యాంపులకు చిన్న విమానంలోనే చేరాలి. ధర వినగానే గుండె గుభేలుమంటుంది కానీ, మారాలో పీక్ సీజన్ రద్దీ చూసినవాళ్లకు ఆ ధర వెనక లెక్క అర్థమవుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, అమ్మేవాళ్లు దీన్ని అన్నిసార్లూ చెప్పరు. వైల్డ్‌బీస్ట్‌లు నది దాటే ప్రసిద్ధ రేవులు రిజర్వ్‌లోనూ, అవతల సెరెంగెటిలోనూ ఉన్నాయి, కన్జర్వెన్సీలలో కాదు. నది దాటడమే చూడాలనుకున్నవాళ్లు కన్జర్వెన్సీలో బస చేసినా ఆ రోజుకు రిజర్వ్ టికెట్ విడిగా కొనాలి, ఆ రద్దీలోనే నిలబడాలి.

బండి, దాన్ని నడిపే మనిషి

కెన్యాలో చవక ప్యాకేజీ అంటే సాధారణంగా కప్పు పైకి లేచే వ్యాన్. ఆరేడుగురు సర్దుకుంటారు. వానాకాలంలో నల్లమట్టిలో దిగబడితే ఇంకో బండి లాగాల్సిందే. టాంజానియాలో ఎక్కువగా ల్యాండ్ క్రూయిజర్లే, వాటికీ కప్పు తెరుచుకుంటుంది. ఈ రెండు పద్ధతుల్లోనూ ఒకే డ్రైవరు ఎయిర్‌పోర్టు నుంచి చివరి రోజు దాకా వెంట ఉంటాడు. అతనే గైడు. అతను మంచివాడు దొరికితే మామూలు క్యాంపులో బస చేసినా సఫారీ బంగారంలా సాగుతుంది. గైడుకు అనుభవం లేకపోతే ఖరీదైన లాడ్జి ఆ లోటు తీర్చలేదు. ప్యాకేజీలు పోల్చేటప్పుడు బెడ్‌రూమ్ ఫొటోలు చూసినంతసేపు, గైడు ఎన్నేళ్లుగా ఆ పనిలో ఉన్నాడో ఎవరూ అడగరు.

దక్షిణాఫ్రికా, బోట్స్వానా ప్రైవేటు అడవుల్లో బండి క్యాంపుదే. పక్కలు, తరచూ పైకప్పు కూడా లేని బండి. చాలాచోట్ల బానెట్ మీద బిగించిన చిన్న సీటులో జాడలు పట్టే ట్రాకర్ కూర్చుంటాడు. జూన్ నెల తెల్లవారుజామున బయల్దేరితే ఒళ్లో దుప్పటి, దాని కింద వేడినీళ్ల సంచి ఇస్తారు. అక్కడ అది చలికాలం, చలి అలా ఉంటుంది. కొంతదూరం పోయాక ట్రాకర్ చెయ్యెత్తుతాడు. బండి ఆగుతుంది. ఇసుకలో ఒక పాదముద్ర. దాని మీద రాత్రి పురుగులు పాకిన సన్నటి గీతలుంటే ఆ జాడ పాతది. గీతలను తొక్కుతూ అడుగు పడి ఉంటే కొత్తది. అతను దిగి రెండడుగులు నడిచి, పక్కనున్న గడ్డి ఎటు వాలిందో చూసి వెనక్కొస్తాడు. ఎక్కడో ఇంపాలా (ఒక జింక జాతి) ఒకటి ముక్కుతో బుస్సున ఊదినట్టు హెచ్చరిస్తుంది. బండి అటు తిరుగుతుంది. జంతువు దొరకవచ్చు, దొరక్కపోవచ్చు. ఈ వెతుకులాట నచ్చేవాళ్లకు డబ్బు పెట్టాల్సిన చోటు ఇదే. నాలుగు రోజుల్లో ఎక్కువ జంతువుల్ని చూసేయాలనుకునేవాళ్లకు ఇంత నిదానం విసుగు తెప్పించవచ్చు.

సొంతంగా నడుపుకునేవాళ్లకు

క్రూగర్, నమీబియాలోని ఎటోషా ఇందుకు పేరుపడ్డవి. రెండు దేశాల్లోనూ మనలాగే ఎడమ పక్క ప్రయాణం, కుడి చేతి స్టీరింగ్. ఇండియాలో డ్రైవింగ్ అలవాటున్నవాళ్లకు ఆ టెన్షన్ లేదు. అమెరికా నుంచి వచ్చే తెలుగువాళ్లకే మొదటి రోజు కాస్త తికమక. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ దగ్గరుంచుకుంటే మంచిది.

క్రూగర్‌లో తారు రోడ్డు మీద గంటకు 50, మట్టిరోడ్డు మీద 40 కిలోమీటర్లు మించకూడదు. గుర్తు పెట్టిన చోట్ల తప్ప కారు దిగకూడదు. స్కుకుజా, సతారా, లోయర్ సాబీ లాంటి రెస్ట్ క్యాంపుల గేట్లు నెలను బట్టి మారే వేళలకు తెరుస్తారు, మూస్తారు. ఆలస్యమైతే జరిమానా. లోపల వంటకు సౌకర్యమున్న కాటేజీలు, సామాన్ల కొట్టు, పెట్రోల్ బంకు ఉంటాయి. ఇంట్లో వండుకున్నట్టు అన్నం, పప్పు వండుకుని, పెరుగు కొనుక్కుని గడపొచ్చు. క్యాంపులో ఒక మ్యాపు బోర్డు ఉంటుంది. ఆ రోజు ఎక్కడ ఏం కనిపించిందో రంగు బిళ్లలతో గుర్తుపెడతారు. పొద్దున్నే దాని ముందు గుంపు చేరుతుంది.

అందుబాటు ధరలో ఆఫ్రికా చూడాలంటే దీన్ని మించింది లేదు. ఇబ్బందల్లా మనకు జాడలు చదవడం రాదు. గైడు పది జంతువుల్ని చూపించే దారిలో మన కళ్లకు మూడే పడతాయి. అద్దె కారు ఎత్తు తక్కువైతే జనవరి నుంచి మార్చి దాకా పెరిగే గడ్డికి అవతల ఏముందో కనబడదు. ఒకటి రెండు రోజులు పార్కువాళ్ల బండిలోనే వెళ్లే ఉదయపు, రాత్రి డ్రైవ్‌లు కలుపుకుంటే ఈ లోటు చాలావరకు తీరుతుంది.

ఎటోషా తీరు వేరు. 4,800 చదరపు కిలోమీటర్ల ఉప్పు మైదానం చుట్టూ నీటిగుంటలు. అక్కడ వెతకనక్కర్లేదు, కూర్చోవాలి. ఒకాఉకేజో క్యాంపు నీటిగుంటకు రాత్రంతా లైట్లు వేసి ఉంచుతారు. రాత్రి భోజనం చేసి బెంచీ మీద కూర్చుంటే నల్ల ఖడ్గమృగం నీళ్లకు వస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కుదుపుల్లేని సఫారీ ఇది. అక్కడిదాకా చేర్చే కంకర రోడ్ల మీద మాత్రం టైర్లు జాగ్రత్త.

నెల: మన సెలవులు, వాళ్ల వానలు

తూర్పు ఆఫ్రికాలో రెండు వానాకాలాలు. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, నవంబరు, డిసెంబరులో చిన్న వానలు. ఆఫ్రికా దక్షిణ భాగంలో ఒకటే వానాకాలం, నవంబరు నుంచి దాదాపు ఏప్రిల్ దాకా. మే నుంచి అక్టోబరు వరకు పొడి. ఆకులు రాలి పొదలు పలచబడతాయి. నీళ్లు కొన్ని గుంటలకే పరిమితమవుతాయి. దాహం వేసిన ప్రతి జంతువూ అక్కడికే రావాలి. పొడికాలంలో "బాగా కనబడతాయి" అనడానికి కారణం అదే.

ఇప్పుడు దీని పక్కన మన క్యాలెండర్ ఉంచి చూడాలి. ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారాల వరకు పిల్లలకు వేసవి సెలవులు. అందులో మే నెల కెన్యా, టాంజానియాల్లో బురద కాలం. ధరలు బాగా తగ్గుతాయి, కొన్ని క్యాంపులు మూసేస్తారు. అదే మే నెల క్రూగర్‌కు, ఎటోషాకు మంచి కాలం మొదలు. వేసవి సెలవుల్లోనే వెళ్లక తప్పదంటే దక్షిణం వైపు చూడటమే మేలు. ఈ చిన్న విషయం తెలియక, ఆఫరు చూసి మేలో మారా బుక్ చేసుకునేవాళ్లు ఎంతోమంది.

దసరా సెలవులు సెప్టెంబరు, అక్టోబరుల్లో పడతాయి. మారాలో మందలు ఉండే కాలం, దక్షిణాన నీటిగుంటల దగ్గర జంతువులు కిక్కిరిసే కాలం రెండూ అదే. సంక్రాంతికి కాస్త సెలవు కలుపుకుని జనవరి చివరిదాకా జరపగలిగితే ఇంకో గొప్ప దృశ్యం దొరుకుతుంది, దాని సంగతి కింద. అమెరికాలో పిల్లల సెలవులు జూన్ నుంచి ఆగస్టు దాకా. సమయం చక్కగా కుదురుతుంది కానీ ప్రపంచమంతా అప్పుడే వస్తుంది కాబట్టి ఏడాది ముందు బుక్ చేస్తే గానీ మంచి క్యాంపులు దొరకవు.

మైగ్రేషన్ విషయంలో అపోహ ఒకటి గట్టిగా నాటుకుపోయింది, అది ఏదో ఒక వారం జరిగే జాతర అన్నట్టు. లక్షలాది వైల్డ్‌బీస్ట్‌లు, వాటితో లక్షల జీబ్రాలు, గజెల్‌లు ఏడాది పొడవునా వానల వెంట, గడ్డి వెంట చుట్టు తిరుగుతూనే ఉంటాయి. జనవరి నుంచి మార్చి దాకా సెరెంగెటి దక్షిణాన, ఎన్‌డుటు చుట్టుపక్కల పొట్టి గడ్డి మైదానాల్లో ఉంటాయి. అది పాత అగ్నిపర్వతాల బూడిద పడిన నేల. అక్కడి గడ్డిలో కాల్షియం, ఫాస్ఫరస్ ఎక్కువ. పాలిచ్చే తల్లులకు కావాల్సింది అదే. ఫిబ్రవరి చుట్టుపక్కల కొన్ని వారాల్లోనే లక్షల దూడలు పుడతాయి. పుట్టిన కొద్ది నిమిషాలకే దూడ కాళ్ల మీద నిలబడి తల్లి వెంట పరుగు అందుకుంటుంది, ఎందుకంటే దుమ్ములగొండ్లు అప్పటికే చూస్తుంటాయి. మే, జూన్‌లలో మందలు పడమటికి, గ్రుమెటి నది వైపు కదులుతాయి. జులై నుంచి అక్టోబరు దాకా మారా నది చుట్టూ. నవంబరులో చిన్న వానలు పడగానే మళ్లీ దక్షిణానికి.

నది దాటడాన్ని ఏ కంపెనీ హామీ ఇవ్వలేదు. మంద ఒడ్డుకు వస్తుంది, ముందున్నవి నీళ్లు వాసన చూస్తాయి, వెనక నుంచి తోపులాట, దుమ్ము. అరగంట తర్వాత ఏమీ జరగకుండానే మొత్తం మంద వెనక్కి తిరిగిపోతుంది. మర్నాడు మళ్లీ వస్తుంది. రెండు రాత్రుల ప్యాకేజీతో దీన్ని చూడాలనుకోవడం లాటరీ టికెట్ కొనడమే. కనీసం నాలుగు రాత్రులు ఒకే చోట ఉంటే అవకాశం పెరుగుతుంది. దూడల కాలానికి ఈ అనిశ్చితి తక్కువ. ఇది నది దాటడమంత ప్రచారం పొందకపోవడం విచిత్రమే.

ఓకవాంగోలో లెక్క తిరగబడుతుంది. అక్కడి నీళ్లు అక్కడి వానవి కావు. అంగోలా కొండల్లో కురిసిన వాన నెలల తరబడి ఇసుక నేల మీద నెమ్మదిగా పాకి, బోట్స్వానాలో చుక్క వాన లేని జూన్, జులై, ఆగస్టుల్లో డెల్టాను నింపుతుంది. మొకోరో అనే సన్నటి దోనెలో కలువల మధ్య తిరగాలంటే వెళ్లాల్సింది ఆ పొడికాలంలోనే.

చిరుత అంటే ఏది?

తెలుగు పత్రికల్లో చిరుత అన్న మాట చిరుతపులి (లెపర్డ్), చీతా రెండు జంతువులకూ వాడేస్తున్నారు. సఫారీ ఎంపికలో ఈ పొరపాటు ఖరీదైనది. చిరుతపులి చెట్లున్న నదీతీరాల్లో, ఎక్కువగా చీకట్లో తిరుగుతుంది. దాన్ని చూడాలంటే రాత్రి డ్రైవ్, దారి దిగే అనుమతి ఉన్న ప్రైవేటు అడవి కావాలి. చీతా పగటిపూట, విశాలమైన మైదానంలో వేటాడుతుంది. దానికి సెరెంగెటి, మారా మైదానాలే సరైనవి, మామూలు బండి చాలు. ఏజెంటుతో "చిరుతను చూడాలి" అని తెలుగులో చెప్పి ఊరుకుంటే ఏది రాసుకున్నాడో మరోసారి అడగడం మంచిది.

టాంజానియాలోని ఎంగోరోంగోరో అగ్నిపర్వత బిలం గురించీ ఒక మాట. 260 చదరపు కిలోమీటర్ల ఆ లోయలో ఒక్క రోజులో సింహాలు, ఏనుగులు, అదృష్టముంటే నల్ల ఖడ్గమృగం కూడా కనబడతాయి. జిరాఫీలు మాత్రం ఉండవు. పిల్లలకు జిరాఫీ అంటే ఇష్టమైతే టరంగీరేనో, సెరెంగెటినో కలపాలి.

కాలినడక, గొరిల్లాలు

నడక సఫారీకి పుట్టిల్లు జాంబియాలోని సౌత్ లువాంగ్వా. 1950లో నార్మన్ కార్ స్థానిక కుందా తెగ పెద్ద న్సెఫుతో కలిసి అక్కడ పర్యాటక క్యాంపు పెట్టాడు. వచ్చిన డబ్బు ఆ తెగకు చేరేలా ఏర్పాటు. తుపాకీ పట్టిన స్కౌట్ ముందు, గైడు వెనక, అతిథులు ఒకే వరుసలో. మాటల్లేవు, పరుగెత్తకూడదు. నడకలో జంతువులు తక్కువే కనబడతాయి, కనబడినవి దూరంగానే. బదులుగా పేడలో గింజలు, చెదపుట్ట మీద ఏనుగు ఒరుసుకున్న మట్టి, గాలి ఎటు వీస్తోందన్న ఎరుక. మొదటిసారి వెళ్లేవాళ్లు దీనితోనే మొదలుపెట్టడం తొందరపాటు. పిల్లలకు సాధారణంగా అనుమతి లేదు.

గొరిల్లా యాత్ర అసలు బండితో పనే లేని సఫారీ. పర్మిట్ ధర రువాండాలో 1,500 డాలర్లు, ఉగాండాలో 2024 జులై నుంచి 800. ఒక గొరిల్లా కుటుంబం దగ్గరకు రోజుకు ఎనిమిది మందినే పంపుతారు, గంటసేపే ఉండనిస్తారు. 15 ఏళ్లు నిండాలి. ఉగాండాలోని బ్విండిలో బురద కొండలు గంటల తరబడి ఎక్కాల్సి రావచ్చు. జలుబు ఉన్నవాళ్లను వెనక్కి పంపుతారు, మన జబ్బులు వాటికి అంటుకుంటాయి కాబట్టి.

డబ్బు ఎటు పోతుంది

కనబడని ఖర్చుల్లో పెద్దది పార్కు ఫీజు. మారా రిజర్వ్‌లో 2024 నుంచి విదేశీయులకు మనిషికి రోజుకు జనవరి నుంచి జూన్ దాకా 100 డాలర్లు, జులై నుంచి డిసెంబరు దాకా 200. ఎంగోరోంగోరో బిలంలోకి దిగే ప్రతి బండికీ మనుషుల టికెట్లు కాకుండా 250 డాలర్లు, పన్ను అదనం. నలుగురి కుటుంబం సెప్టెంబరులో మారాలో మూడు రోజులు గడిపితే ఒక్క ప్రవేశానికే 2,400 డాలర్లు అవుతుందన్నమాట, పిల్లల రాయితీ పోగా కొంత తగ్గొచ్చు. "చవక ప్యాకేజీ"లో ఇది కలిపారా లేదా అన్నది మొదటి ప్రశ్న కావాలి.

రెండోది ప్రయాణం. నైరోబి నుంచి మారాకు రోడ్డు మీద ఐదారు గంటలు, విల్సన్ ఎయిర్‌పోర్టు నుంచి చిన్న విమానంలో ముప్పావు గంట. మూడు రాత్రుల ట్రిప్పులో రోడ్డు మార్గం ఒక రోజంతా తినేస్తుంది. తక్కువ రోజులున్నవాళ్లకు విమానం డబ్బు వృథా కాదు. ఒకే వారంలో నాలుగు పార్కులు చుట్టే ప్యాకేజీలు మన దగ్గర బాగా అమ్ముడుపోతాయి, ఎక్కువ చూసినట్టు అనిపిస్తుంది కాబట్టి. వాటిలో పగలు సగం హైవే మీదే గడుస్తుంది. జంతువులు చురుగ్గా ఉండే పొద్దున, సాయంత్రాలే ప్రయాణానికి పోతాయి. అదే వారాన్ని రెండు చోట్లకు కుదిస్తే ఖర్చు తగ్గి చూసేది పెరుగుతుంది.

పిల్లలు, పెద్దలు, పచ్చళ్లు

చాలా ప్రైవేటు క్యాంపులు కంచె లేనివి. రాత్రి టెంటు నుంచి భోజనానికి వెళ్లాలన్నా కాపలా మనిషి రావాలి. అందుకే ఆరేళ్లు, కొన్నిచోట్ల పన్నెండేళ్లు నిండనివాళ్లను తీసుకోరు. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకు మలేరియా బెడద లేని అడవులు దక్షిణాఫ్రికాలో ఉన్నాయి: పిలానెస్‌బర్గ్, మాడిక్వే, ఏనుగులకు పేరుపడ్డ ఆడో. మిగతా చాలాచోట్ల మలేరియా మాత్రలు అవసరమో కాదో డాక్టర్ని ముందే అడగాలి.

శాకాహారులు భయపడక్కర్లేదు, ముఖ్యంగా కెన్యా, టాంజానియాల్లో. అక్కడ తరాలుగా గుజరాతీ కుటుంబాలున్నాయి. జైన భోజనం అంటే ఏమిటో వంటవాళ్లకు విడమర్చి చెప్పనక్కర్లేదు. స్వాహిలీలో చపాతీని చపాతీ అనే అంటారు, బండిని గారి అంటారు. మన ఊరగాయ సీసాలకు మాత్రం రెండు అడ్డంకులు. చిన్న విమానాల్లో మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి సంచిలో. గట్టి సూట్‌కేసు సామాను అరలో పట్టదు. ప్లాస్టిక్ సంచులను కెన్యా 2017లో, టాంజానియా 2019లో నిషేధించాయి. పచ్చడి చుట్టూ చుట్టే కవర్ల మూట ఎయిర్‌పోర్టులోనే ఆగిపోవచ్చు. చిన్న స్టీలు డబ్బా నయం.

కెన్యా, ఉగాండాలకు వెళ్లేవాళ్లకు ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం తప్పనిసరి పని. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఒకసారి వేయించుకుంటే జీవితకాలం చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఆ ధ్రువపత్రం ఉండే పసుపు పుస్తకం లేకుండా తిరిగొస్తే ఇండియాలో దిగగానే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచే అధికారం మన అధికారులకు ఉంది.

ఎవరికి ఏది

మొదటిసారి, పిల్లలతో, దసరాకు వెళ్లే కుటుంబానికి మారాలో నాలుగు రాత్రులు సరిపోతాయి: రెండు కన్జర్వెన్సీలో, రెండు రిజర్వ్‌లో నదికి దగ్గరగా. రెండు రకాల నేలా తెలుస్తుంది. బడ్జెట్ తక్కువుండి, డ్రైవింగ్ ఇష్టమైతే మే చివర్లో క్రూగర్, చివరి రెండు రాత్రులు పక్కనున్న ప్రైవేటు అడవిలో. ఈ వరుస తిప్పకూడదు. గైడు పక్కన కూర్చుని చిరుతపులిని చూసొచ్చాక సొంత కారులో వెతకడం చప్పగా అనిపిస్తుంది. నడవలేని పెద్దవాళ్లుంటే ఎటోషా నీటిగుంటలు, లేదా బోట్స్వానాలోని చోబే నదిలో పడవ. సాయంత్రం ఏనుగులు గుంపులుగా నీళ్లకు దిగుతుంటే కూర్చున్న చోటు నుంచే చూడొచ్చు. కెమెరా పట్టుకుని వెళ్లేవాళ్లకు ఫిబ్రవరిలో ఎన్‌డుటు, బండి మొత్తం తమకే మాట్లాడుకుని. పంచుకునే బండిలో ఒకరికి వెలుతురు కావాలి, ఇంకొకరికి టిఫిన్ కావాలి.

ఏది ఎంచుకున్నా మొదటి రోజు పొద్దున్నే డ్రైవరుతో చెప్పాల్సిన మాట ఒకటుంది. సింహానికి అడ్డంగా బండి పెట్టడం, గుంపులోకి దూరిపోవడం చాలావరకు టిప్ కోసమే జరుగుతుంది. దగ్గరగా తీసుకెళ్తేనే అతిథులు సంతోషిస్తారని అతని అనుభవం. "మాకు తొందర లేదు, దూరంగా ఆగినా ఫర్వాలేదు" అని ముందే చెప్తే అతను ఇంజను ఆపేసి, సీటు వెనక్కి వాల్చి, దుర్భిణీ తీస్తాడు. కాసేపటికి ఎడమవైపు తుమ్మచెట్టు కింద గడ్డి కదలడం ముందుగా చూసేది అతనే.